మాత్రల స్ట్రిప్పును చూసే కంటికి ఏ సెన్సర్?

"సార్, ఎన్ని మెగాపిక్సెళ్ల కెమెరా తీసుకోమంటారు?"

ప్యాకింగ్ లైన్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఫోన్ చేస్తే దాదాపు ప్రతిసారీ మొదటి ప్రశ్న ఇదే. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "మీరు పట్టుకోవాల్సిన లోపాల్లో అన్నిటికన్నా చిన్నది ఎంతుంటుంది? అది ఎంత వేగంతో కెమెరా ముందు నుంచి పోతుంది?" అటునుంచి జవాబు వెంటనే రాదు. కనుక్కుని చెప్తామంటారు. ఆ రెండు అంకెలూ చేతికొచ్చేదాకా సెన్సర్ మాటే ఎత్తకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఒకే ఉదాహరణ తీసుకుని లెక్క వేసుకుంటూ పోదాం.

జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల ఫ్యాక్టరీల్లో మాత్రలను స్ట్రిప్పుల్లో నింపే లైను అనుకోండి. వేడెక్కిన ప్లాస్టిక్ పొరలో వరసగా గుంటలు పడతాయి. గుంటకొక మాత్ర చొప్పున పడుతుంది. ఆపైన అల్యూమినియం రేకు వచ్చి అతుక్కుంటుంది. రేకు అతుక్కోకముందే కెమెరా చూడాలి: గుంటలో మాత్ర ఉందా? విరిగిందా? అంచు పెచ్చు ఊడిందా? వేరే మందు మాత్ర ఏదైనా కలిసిందా? మన లైనులో పొర వెడల్పు 220 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 300 మిల్లీమీటర్లు, పట్టుకోవాల్సిన అతి చిన్న పెచ్చు 0.3 మిల్లీమీటర్లు. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోండి.

పిక్సెళ్లు ఎన్ని కావాలి?

లోపం మీద కనీసం మూడు పిక్సెళ్లు పడాలి. ఒకటి ఎందుకు చాలదు? ఒక్క పిక్సెల్ మాత్రమే నల్లబడితే, అది ఊడిన పెచ్చా, దుమ్ము రేణువా, సెన్సర్ నాయిసా అన్నది సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారి లేదు. పైగా లోపం సరిగ్గా రెండు పిక్సెళ్ల హద్దు మీద పడిందనుకోండి, నలుపు చెరిసగం పంచుకుని రెండూ బూడిదరంగులో తేలతాయి. మూడు పిక్సెళ్ల వెడల్పున్న లోపం ఎక్కడ పడినా, మధ్యలో ఉన్నవైనా పూర్తిగా నల్లబడతాయి. నాలుగైదు పడితే ఇంకా మేలు.

0.3 మిల్లీమీటర్లకు మూడు పిక్సెళ్లంటే పిక్సెల్‌కు 0.1 మిల్లీమీటరు. 220 మిల్లీమీటర్ల వెడల్పుకు 2200 పిక్సెళ్లు. పొర కదిలే దిశలో ఒక్కో బొమ్మకు 140 మిల్లీమీటర్లు చూపించాలనుకుంటే 1400. గుణిస్తే 31 లక్షలు దాటదు, అంటే 3 మెగాపిక్సెళ్లు. బజారులో సులువుగా దొరికే 5 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో 2448 అడ్డం, 2048 నిలువు ఉంటాయి. దాన్ని పెడితే పిక్సెల్‌కు 0.09 మిల్లీమీటర్లు వస్తుంది. మన పనికి అది సరిపోతుంది.

"ఎందుకైనా మంచిది, 20 మెగాపిక్సెళ్లది తీసుకుంటే పోలా?" అని ఇక్కడే అడుగుతారు. ఆ మాట మీదే ఒక లైను మూడు వారాలు ఇబ్బంది పడటం నేను దగ్గరుండి చూశాను.

గుండ్రటి మాత్ర కోలగా ఎందుకు కనిపించింది?

ఆ ఫ్యాక్టరీలో 20 మెగాపిక్సెళ్ల కెమెరా బిగించారు. బొమ్మ చూస్తే ముచ్చటేసేంత స్పష్టంగా ఉంది. కానీ లైను నడవగానే మంచి స్ట్రిప్పులన్నీ తిరస్కరణ డబ్బాలో పడుతున్నాయి. మాత్ర ఆకారం తప్పుగా ఉందని సాఫ్ట్‌వేర్ అంటోంది. తెర మీద కొలిస్తే మాత్ర కోలగా ఉంది: అడ్డం 10 మిల్లీమీటర్లు, పొర కదిలే దిశలో 11 పైచిలుకు. అదే మాత్రను చేతిలోకి తీసుకుని వెర్నియర్ కాలిపర్‌తో ఎటు తిప్పి కొలిచినా పదే. లెన్స్ మార్చారు. గుంటలు చేసే అచ్చును అనుమానించారు. మాత్రల బ్యాచ్‌ను వెనక్కి పంపుదామా అన్నారు. చివరికి ఒకాయన లైను ఆపించి, ఆగి ఉన్న పొరను ఫొటో తీశాడు. మాత్ర గుండ్రంగా వచ్చింది!

దోషం షట్టర్‌ది. అందులో ఉన్నది రోలింగ్ షట్టర్ సెన్సర్. బంతి భోజనాల్లో వడ్డన ఎలా సాగుతుందో తలచుకోండి. ఒక్కడే వడ్డిస్తూ పోతుంటే మొదటి విస్తరికీ చివరి విస్తరికీ మధ్య చాలాసేపు పడుతుంది. రోలింగ్ షట్టర్ కూడా అంతే. మొదటి వరస పిక్సెళ్లను ముందు చదువుతుంది, తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. ఆ కెమెరాలో 3648 వరసలు. అన్నీ చదవడానికి 50 మిల్లీసెకన్లు, అంటే వరసకు దాదాపు 13.7 మైక్రోసెకన్లు. పిక్సెల్‌కు 0.04 మిల్లీమీటర్ల లెక్కన 10 మిల్లీమీటర్ల మాత్ర మీద 250 వరసలు పడతాయి. 250 వరసలు చదివేలోపు సుమారు 3.4 మిల్లీసెకన్లు గడుస్తాయి. ఆ సమయంలో సెకనుకు 300 మిల్లీమీటర్ల వేగంతో మాత్ర ఒక మిల్లీమీటరు ముందుకు జరిగిపోతుంది. వరసలు చదివే దిశలోనే మాత్ర కూడా జరుగుతోంది కాబట్టి ఆ మిల్లీమీటరు బొమ్మలో చేరి మాత్రను సాగదీసింది. కెమెరాను తిరగేసి బిగించి ఉంటే అదే మాత్ర 9 మిల్లీమీటర్లకు నొక్కుకుపోయేది. పక్కకు తిప్పి ఉంటే వాలిపోయి కనిపించేది.

దీనికి విరుగుడు గ్లోబల్ షట్టర్. అందులో అన్ని వరసలూ ఒకే క్షణంలో వెలుతురు తీసుకోవడం మొదలుపెట్టి, ఒకే క్షణంలో ఆపేస్తాయి. చదవడం మాత్రం తర్వాత నింపాదిగా జరుగుతుంది. అప్పటిదాకా ప్రతి పిక్సెల్ తన వంతు విద్యుదావేశాన్ని దాచుకోవాలి కదా, అందుకని పిక్సెల్ లోపలే ఒక చిన్న గదిలాంటి చోటు కట్టాలి. ఆ గది స్థలం తింటుంది, ఖరీదు పెంచుతుంది. గ్లోబల్ షట్టర్ సెన్సర్ల ధర ఎక్కువ ఉండటానికి, అంతే ధరకు రోలింగ్‌లో ఎక్కువ మెగాపిక్సెళ్లు రావడానికి కారణం ఇదే.

అలాగని రోలింగ్ షట్టర్ పనికిమాలినది కాదు. స్ట్రిప్పు యంత్రాల్లో అడుగు వేసి ఆగి, మళ్లీ అడుగు వేసేవి చాలా ఉన్నాయి. పొర పూర్తిగా ఆగిన ఆ కాసేపట్లో ఫొటో తీస్తే రోలింగ్ షట్టర్ చక్కగా పనిచేస్తుంది, డబ్బూ మిగులుతుంది. ఆగిన తర్వాత పొర ఎంతసేపు అదురుతుందో మాత్రం చూసుకోవాలి. కదిలే పొర మీద కూడా ఒక కిటుకుంది. అన్ని వరసలూ ఒకేసారి తెరుచుకుని ఉండే సమయం ఉండేలా ఎక్స్‌పోజర్ పెంచి, సరిగ్గా ఆ సమయంలో ఒక్క ఫ్లాష్ వెలిగించాలి. అయితే కెమెరా చుట్టూ బయటి వెలుతురు చొరబడకుండా పెట్టె కట్టాలి. ప్యాకింగ్ గదిలో ఆ పెట్టెను ఆరు నెలల తర్వాత కూడా ఎవరూ తీయకుండా ఉంచగలరా అంటే నాకు నమ్మకం తక్కువ. లైను ఆగకుండా నడిచేదైతే గ్లోబల్ షట్టరే కొనమంటాను.

వేగం అంటే ఏ వేగం?

"మా లైను చాలా స్పీడు సార్, సెకనుకు 150 ఫ్రేములు తీసే కెమెరా కావాలి" అన్న కోరిక తరచుగా వింటాను. మన ఉదాహరణకు లెక్కేద్దాం. సెకనుకు 300 మిల్లీమీటర్ల పొర వస్తోంది, ఒక్కో బొమ్మలో 140 మిల్లీమీటర్లు చూపిస్తున్నాం. సెకనుకు మూడు బొమ్మలు తీస్తే ఎక్కువే. సోనీ 5 మెగాపిక్సెళ్లలోనే, పిక్సెల్ సైజు కూడా ఒకటే అయినా వేగంలో తేడా ఉన్న సెన్సర్లు చేసింది. ఐఎంఎక్స్ 250 సెకనుకు 160కి పైగా ఫ్రేములు ఇస్తే, ఐఎంఎక్స్ 264 సుమారు 35 ఇస్తుంది. మన లైనుకు ఆ 35 కూడా అవసరానికి మించినవే. బొమ్మకు 5 మెగాబైట్ల చొప్పున సెకనుకు 15 మెగాబైట్లు పంపాలి. సెకనుకు 100 మెగాబైట్లకు పైగా మోయగల మామూలు గిగాబిట్ ఈథర్‌నెట్ తీగకు అది ఏ మూలకూ రాదు.

అసలు వేగం ఉన్నది ఎక్స్‌పోజర్‌లో. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పొర జరుగుతూనే ఉంటుంది, జరిగినంత మేరా బొమ్మ అలుక్కుపోతుంది. అలుకు అర పిక్సెల్ దాటకూడదనుకుంటే 0.05 మిల్లీమీటర్లను 300తో భాగించండి. 167 మైక్రోసెకన్లు వస్తుంది. సెకనులో యాభయ్యో వంతు షట్టర్‌తో ఫోన్‌లో వీడియో తీసేటప్పుడు సెన్సర్‌కు 20,000 మైక్రోసెకన్ల వెలుతురు అందుతుంది. అందులో నూట ఇరవయ్యో వంతు సమయంలో మన పని అయిపోవాలి. ఆ లోటును లైటుతో పూడ్చాలి. ఎల్ఈడీ స్ట్రోబ్‌ను కెమెరాతో జతచేసి, ఆ 167 మైక్రోసెకన్లూ గట్టిగా వెలిగించాలి. ఈ లెక్క ముందే వేసుకోని చోట బొమ్మ నల్లగా వస్తుంది. గెయిన్ పెంచుతారు. గెయిన్ వెలుతురును పుట్టించదు, ఉన్న సంకేతంతో పాటు నాయిస్‌నూ పెంచుతుంది. దాంతో మాత్రల మీద లేని మచ్చలు కనిపిస్తాయి.

చిన్న పిక్సెల్‌తో వచ్చే చిక్కేమిటి?

మన ఇళ్లలో గింజలు కొలవడానికి గిద్ద, సోల, తవ్వ, మానిక ఉండేవి. పిక్సెల్ కూడా ఒక కొలపాత్రే. అందులో పడే కాంతికణాలు ఎలక్ట్రాన్లుగా మారి నిండుతాయి. 2.4 మైక్రాన్ల పిక్సెల్ వైశాల్యం 5.8 చదరపు మైక్రాన్లు, 3.45 మైక్రాన్ల దానిది 11.9, 5.86 మైక్రాన్ల దానిది 34. చివరి రెండింటి మధ్య దాదాపు మూడింతల తేడా. నిండినప్పుడు పట్టే ఎలక్ట్రాన్లలోనూ అదే తేడా కనిపిస్తుంది: 3.45 మైక్రాన్ల సోనీ పిక్సెల్‌లో పదివేల పైచిలుకు, 5.86 మైక్రాన్ల ఐఎంఎక్స్ 174లో 32 వేల దరిదాపు.

ఈ తేడా ఎక్కడ పనికొస్తుంది? కాంతికణాలు వానచినుకుల్లా లెక్కాపత్రం లేకుండా పడతాయి. సగటున పదివేలు పడే చోట ఒకసారి 9,900, ఇంకోసారి 10,100 పడటం మామూలే. ఈ ఊగిసలాట ఎప్పుడూ సంఖ్యకు వర్గమూలమంత ఉంటుంది. పదివేలకు వంద, అంటే ఒక శాతం. 32 వేలకు దాదాపు 180, అంటే అర శాతం పైచిలుకు. తెల్ల మాత్ర మీద లేత పసుపు మరక, చుట్టూ ఉన్న తెలుపు కన్నా ఒక్క శాతమే ముదురుగా ఉందనుకోండి. చిన్న పాత్రలో ఆ తేడా ఊగిసలాటలో కలిసిపోతుంది, పెద్ద పాత్రలో బయటపడుతుంది. ఊడిన పెచ్చు అలా కాదు, నలుపు తెలుపు తేడా స్పష్టంగా ఉంటుంది. దానికి 3.45 చాలు. అందుకే లోపం సైజుతో పాటు దాని ఛాయ ఎంత లేతదో కూడా అడుగుతాను.

ఇప్పుడు ఆ 20 మెగాపిక్సెళ్ల దగ్గరికి మళ్లీ వద్దాం. అందులో పిక్సెల్‌కు 0.04 మిల్లీమీటర్లే. అలుకు అర పిక్సెల్‌లో ఆపాలంటే ఎక్స్‌పోజర్ 67 మైక్రోసెకన్లకు దిగాలి. పాత్ర వైశాల్యం సగానికి తగ్గింది. రెండూ కలిపితే ఒక్కో పిక్సెల్‌కు చేరే వెలుతురు అయిదో వంతు! మిగతా నాలుగు వంతుల లైటు ఎక్కడి నుంచి తెస్తారు?

పోనీ లైటు తెచ్చారనుకుందాం, లెన్స్ ఒప్పుకోదు. గుంటలకు లోతు ఉంటుంది కాబట్టి పైఅంచూ అడుగూ రెండూ ఫోకస్‌లో ఉండటానికి లెన్స్ కంతను ఎఫ్/8 దాకా మూస్తాం. కంత చిన్నదైనకొద్దీ కాంతి దాని అంచుల దగ్గర వంగి పరుచుకుంటుంది. అది భౌతికశాస్త్ర నియమం, ఎంత ఖరీదైన లెన్స్‌కైనా తప్పదు. ఎఫ్/8 దగ్గర ఆకుపచ్చ కాంతిలో ఒక చుక్క సెన్సర్ మీద 10.7 మైక్రాన్ల వలయంగా పడుతుంది. 3.45 మైక్రాన్ల పిక్సెళ్లయితే అడ్డంగా మూడింటిని, 2.4 మైక్రాన్లవైతే నాలుగింటికి పైగా కప్పేస్తుంది. ఫైలు పెద్దదవుతుంది కానీ అందులో కొత్త వివరం ఉండదు.

లెన్స్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. సెన్సర్ సైజును అంగుళాల్లో చెప్తారు, ఆ అంగుళం అసలు అంగుళం కాదు. పాత టీవీ కెమెరాల గాజుగొట్టాల బయటి కొలతను బట్టి వచ్చిన పేరది. "1 అంగుళం" సెన్సర్ మూలనుంచి మూలకు కొలిస్తే 16 మిల్లీమీటర్లే, "2/3 అంగుళం" 11 మిల్లీమీటర్లే. మన 5 మెగాపిక్సెళ్ల సెన్సర్ ఈ రెండో రకం. 1/2 అంగుళం కోసం చేసిన లెన్స్ ఇంట్లో ఉంది కదా అని దీనికి బిగిస్తే మూలలు నల్లబడతాయి.

రంగు సెన్సరా, నలుపు తెలుపా?

చాలాచోట్ల నలుపు తెలుపే మేలు. 1970ల్లో కొడాక్‌లో బ్రైస్ బేయర్ కనిపెట్టిన పద్ధతిలోనే నేటికీ రంగు సెన్సర్లు ఎక్కువగా వస్తున్నాయి. ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెంటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం రంగు పొర ఉంటుంది. ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే కొలిచి, మిగతా రెంటినీ పక్కవాటిని చూసి ఊహించుకుంటుంది. పొరల వల్ల వెలుతురు పోతుంది, ఊహ వల్ల అంచుల పదును పోతుంది. ఎరుపు, తెలుపు క్యాప్సూల్‌ను విడదీయడానికి రంగు సెన్సర్ అక్కర్లేదు. నలుపు తెలుపు సెన్సర్ పెట్టి నీలి లైటు వేస్తే ఎర్ర సగం నల్లగా కనిపిస్తుంది. అదే ఎర్ర లైటు వేస్తే రెండు సగాలూ తెల్లగా కలిసిపోతాయి. వేరే మందు మాత్ర కలిసిందేమో చూడటమే ప్రధానమై, ఆ మాత్రల రంగులు అనేకమైతే అప్పుడు రంగు సెన్సర్ తీసుకోండి. అలా తీసుకుంటే పెచ్చు మీద మూడు పిక్సెళ్లు చాలవు, అయిదు పడేలా చూసుకోండి.

సార్టెక్స్ యంత్రంలో ఇదే సెన్సర్ ఎందుకు ఉండదు?

మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే సంచుల మీద సార్టెక్స్ అన్న మాట అందరం చూస్తాం. బియ్యంలో రంగు మారిన గింజలను, రాళ్లను కెమెరాతో చూసి, గాలి ఊది పక్కకు నెట్టే యంత్రం అది. అక్కడ గింజలు ఏటవాలు రేకు మీద జారి సెకనుకు మూడు మీటర్ల వేగంతో పడుతున్నాయనుకుందాం. అంటే మన పొర కన్నా పదింతల వేగం, పైగా మధ్యలో ఖాళీ లేని ధార. ఫొటో వెనక ఫొటో తీసి అతికించుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. అందుకే అక్కడ లైన్ స్కాన్ సెన్సర్ పెడతారు. దానికి పిక్సెళ్లు ఒకే గీతగా ఉంటాయి, రంగు కావాలంటే మరో రెండు గీతలు. గింజ ఆ గీతను దాటుతుంటే ముక్కముక్కగా బొమ్మ తయారవుతుంది. గింజ పొడవునా 0.1 మిల్లీమీటరుకు ఒక గీత కావాలంటే సెకనుకు 30 వేల గీతలు చదవాలి. ఒక్కో గీతకు 33 మైక్రోసెకన్లు మించి దొరకవు.

బియ్యంలో ఇంకో చిక్కుంది. తెల్లరాయి, తెల్ల ప్లాస్టిక్ ముక్క బియ్యపు రంగులోనే ఉంటే సిలికాన్ సెన్సర్‌కు తేడా తెలియదు. సిలికాన్ చూపు 1000 నానోమీటర్లు దాటాక మందగించి ఆగిపోతుంది. ఇండియం గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన సెన్సర్లు 1700 దాకా చూస్తాయి. 1450 నానోమీటర్ల దగ్గర నీరు కాంతిని బాగా పీల్చుకుంటుంది. గింజలో తేమ ఉంటుంది కాబట్టి అక్కడ ముదురుగా, ప్లాస్టిక్ లేతగా కనిపిస్తాయి. వీటి ధర సిలికాన్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. మామూలు వెలుతురులో తేడా దొరకనే దొరకదని తేలాకే వీటి జోలికి వెళ్లాలి.

సీసీడీ మంచిదంటారు కదా?

ఒకప్పుడు నిజమే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే పాత తరం సెన్సర్ రకానికి రూపమిచ్చారు, 2009లో నోబెల్ అందుకున్నారు. దశాబ్దాల పాటు ఫ్యాక్టరీ కెమెరాలు ఎక్కువగా వాటితోనే నడిచాయి. 1990ల్లో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం, నేటి కెమెరాల్లో ఎక్కువగా ఉండే సీమాస్ సెన్సర్‌కు కొత్త దారి చూపింది. 2015లో సోనీ సీసీడీల తయారీ మానేస్తామని ప్రకటించింది. పాత లైన్లలో ఇంకా సీసీడీ కెమెరాలు పనిచేస్తూనే ఉన్నాయి, బాగానే చూస్తున్నాయి. అవి చెడిపోతే స్పేర్ దొరకడమే కష్టం. కొత్త కెమెరా కొనేటప్పుడు కూడా ఆ సెన్సర్ ఇంకా ఎన్నేళ్లు తయారవుతుందో అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి. మందుల లైనులో కెమెరా మారిస్తే మొత్తం పరీక్షలు మళ్లీ చేసి, కాగితాలు మళ్లీ రాయాలి. ఆ శ్రమ సెన్సర్ ఖరీదును మించుతుంది.

రెండు కంపెనీల సెన్సర్లను పోల్చాలంటే బ్రోషర్‌లోని విశేషణాలు పక్కన పెట్టి, ఈఎంవీఏ 1288 అనే కొలత ప్రమాణం ప్రకారం కొలిచిన అంకెలు అడగండి. వంద కాంతికణాలు వస్తే ఎన్ని ఎలక్ట్రాన్లుగా మారుతున్నాయి, పిక్సెల్‌లో ఎన్ని పడతాయి, చీకట్లో నాయిస్ ఎంత, ఈ మూడూ ఆ కాగితంలో ఉంటాయి. ఎక్స్‌పోజర్ 167 మైక్రోసెకన్లే కాబట్టి సెన్సర్‌ను చల్లబరిచే ఏర్పాటు మన పనికి అవసరం లేదు. దానికి డబ్బు పెట్టకండి.

ఇంత లెక్కా అయ్యాక మన లైనుకు తేలింది ఇది: 5 మెగాపిక్సెళ్లు, 3.45 మైక్రాన్ల పిక్సెల్, గ్లోబల్ షట్టర్, నలుపు తెలుపు, 2/3 అంగుళానికి సరిపడే లెన్స్, గిగాబిట్ ఈథర్‌నెట్, గట్టి స్ట్రోబ్ లైటు. మీ లైను అంకెలు వేరైతే జవాబూ వేరవుతుంది.

ఒక్క పని మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి. లైను మీద పాడైన స్ట్రిప్పు కనిపించినప్పుడల్లా పారేయకుండా, తేదీ, లోపం పేరు రాసి మీ క్వాలిటీ విభాగం అనుమతితో ఒక డబ్బాలో దాచండి. పెచ్చు ఊడినవి, మరక పడినవి, సగం విరిగినవి, అన్ని రకాలూ ఉండాలి. కెమెరా అమ్మే మనిషి వచ్చిన రోజు ఆ డబ్బా బల్ల మీద పెట్టి, లైను నడుస్తున్న వేగంలోనే వాటిని చూపించమనండి.